దేవుణ్ణి మన తప్పొప్పులతో తూచవచ్చా?

సందేహజీవి:
తెలిసినవాళ్ళింట్లో నాలుగేళ్ళ పాప బ్లడ్ క్యాన్సర్‌తో పోయింది. పరామర్శకి వచ్చిన ఒక పెద్దాయన ఆ తల్లితో "ఏడవకమ్మా, ఆయన లెక్కలు మనకి అంతుబట్టవు" అన్నారు. ఆవిడ తలెత్తి సూటిగా అడిగింది: "పక్క మంచం మీద పిల్లాడికి నయమైనప్పుడు దేవుడి దయ అన్నారు కదా బాబాయిగారూ, ఆ లెక్క ఎలా అంతుబట్టింది?" ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

అందుకే ఇక్కడ అడుగుతున్నాను. కాపాడే శక్తి ఉండీ, జరగబోయేది ముందే తెలిసీ, చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డ మనిషిని మనం క్షమించం. అదే పని దేవుడు చేస్తే "మన నీతి ఆయనకు వర్తించదు" అంటాం. ఎందుకు వర్తించదు? దేవుడున్నాడా లేడా అనే పాత పంచాయితీ మాత్రం తేకండి. ఉన్నాడనే అనుకుని మాట్లాడదాం.

మౌనశ్రోత:
ముందు ఆ తల్లికి ఆ దేవుడే ధైర్యం ఇవ్వాలి. ఇక మీ ప్రశ్న. తల్లి పసిబిడ్డకి టీకా వేయించడానికి తీసుకెళ్తుంది. సూది గుచ్చిన క్షణంలో ఆ బిడ్డ దృష్టిలో తల్లి శత్రువే. ఎందుకు వేయించానో చెప్పినా బిడ్డకి అర్థం కాదు. మన బుద్ధికీ దేవుడి జ్ఞానానికీ ఉన్న దూరం అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కారణం మనకు కనబడనంత మాత్రాన అసలు కారణమే లేదని ఎలా అంటామండీ?

నిప్పురవ్వ:
ఈ టీకా పోలిక ఎప్పుడూ వస్తుంది, ఎప్పుడూ ఒక్కచోటే విరుగుతుంది. తల్లి సూది వేయించేది ఆ రోగాన్ని లోకంలోంచి తీసేసే శక్తి తనకి లేదు కాబట్టి. వేరే దారి లేక. సర్వశక్తిమంతుడికీ వేరే దారి లేదంటే ఆ బిరుదు ఎందుకు? పైగా సూది పడుతున్నప్పుడు తల్లి బిడ్డని గుండెకి హత్తుకుంటుంది, "అయిపోయింది నాన్నా, అయిపోయింది" అంటుంది. కారణం తెలియకపోయినా అమ్మ పక్కనే ఉందని బిడ్డకి తెలుస్తుంది. ఇక్కడ ఆ మాత్రం కూడా లేదు. అన్నిటికంటే ముఖ్యం, టీకా పడ్డ బిడ్డ బతుకుతుంది.

గాలివాటం:
పాసైతే దేవుడి దయ, ఫెయిలైతే మన కర్మ. ఇంత గట్టి పీఆర్ టీమ్ ఏ కంపెనీకీ లేదు.

అడ్మిన్:
వెటకారం తగ్గించి విషయం మీద ఉండండి.

తర్కబాణం:
వెటకారమే అయినా అసలు పాయింట్ అందులోనే ఉంది అడ్మిన్ గారూ. ఆ తల్లి అడిగిందీ అదే. "మన కొలమానం దేవుడికి పనికిరాదు" అన్న మాట నిందకు అడ్డం పడితే స్తుతికీ అడ్డం పడాలి. క్రూరుడు అనే హక్కు మనకు పోతుంది, ఒప్పుకుందాం. దయామయుడు, న్యాయమూర్తి, ఆపద్బాంధవుడు అనే హక్కు కూడా దానితోపాటే పోతుంది. దయ అంటే ఏమిటో మనకు తెలిసింది మనుషుల్ని చూసే. ఆ దయకీ దేవుడి దయకీ పోలికే లేదంటే, "దేవుడు దయగలవాడు" అన్న వాక్యంలో మిగిలేది చప్పుడే.

1865లో ఇంగ్లండు తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ ఈ వాదం మీదే విరుచుకుపడ్డాడు. దేవుడి మంచితనం మన మంచితనం లాంటిది కాదని అప్పట్లో కొందరు పండితులు గట్టిగా రాస్తుండేవారు. మిల్ అన్నదేమిటంటే, తోటి మనిషిని ఏ అర్థంలో మంచివాడంటానో ఆ అర్థంలో మంచివాడు కాని ఎవరినీ నేను మంచివాడనను, అలా అననందుకు నన్ను నరకానికి పంపగలిగితే నరకానికే పోతాను అని.

మౌనశ్రోత:
మిల్ గారి సర్టిఫికెట్ కోసం దేవుడు క్యూలో నిలబడ్డాడా ఏమిటి?

తర్కబాణం:
నిలబడక్కర్లేదండీ. రోజూ సర్టిఫికెట్లు రాస్తున్నది మనమే. రాసేదానికి అర్థం ఉండాలంటున్నాను, అంతే.

పాతపొత్తం:
ఈ ప్రశ్న ఎక్కడో బయటి నుంచి వచ్చిపడిందని అనుకునేవాళ్ళు ఒకసారి భాగవతం దశమస్కంధం తెరవండి. రాసక్రీడ విన్న వెంటనే పరీక్షిత్తు శుకుణ్ణి నిలదీస్తాడు: ధర్మాన్ని నిలబెట్టడానికి అవతరించినవాడు పరస్త్రీల విషయంలో ఇలా ఎలా నడుచుకున్నాడు? అడిగినవాడు నాస్తికుడు కాడు. ఏడు రోజుల్లో చావు ఉందని తెలిసి, ఆ కథ వింటూ తరించాలని కూర్చున్నవాడు.

శుకుడి జవాబులో రెండు ముక్కలున్నాయి. మొదటిది అందరూ ఎత్తి చూపేదే. తేజస్సు కలవాళ్ళకి దోషం అంటదు, అన్నిటినీ కాల్చి తిన్నా అగ్నికి మైల లేనట్టు. రెండో ముక్క జనం మింగేస్తారు. ఈశ్వరుడు కానివాడు అలాంటి పని మనసులో కూడా తలపెట్టకూడదు, తలపెడితే రుద్రుడు కాకుండానే విషం తాగినవాడి గతి పడుతుంది. వాళ్ళ మాట ఎప్పుడూ ప్రమాణం, వాళ్ళ నడత కొన్నిసార్లే ప్రమాణం అని కూడా అంటాడు. అంటే మినహాయింపు ఇచ్చాడు, ఇచ్చిన చేత్తోనే దానికి కంచె వేశాడు.

రామాయణంలో దారి వేరు. చాటు నుంచి బాణం తగిలి నేల మీద పడ్డ వాలి, వేరొకడితో పోరాడుతున్నవాణ్ణి దాక్కుని కొట్టడం ఏం ధర్మమని అడుగుతాడు. "నన్నడగడానికి నువ్వెవడివి" అని రాముడు అనలేదు. తమ్ముడు బతికుండగా అతని భార్య రుమను తెచ్చుకున్నావు, దానికి ఇది దండన అన్నాడు. రాజ్యం భరతుడిది, మేము అతని తరఫున ధర్మం చూస్తున్నవాళ్ళం అన్నాడు. నువ్వు వానరానివి, మృగాన్ని వేటాడేటప్పుడు ఎదుట నిలబడాలన్న నియమం లేదన్నాడు. ఈ ఆఖరిది నాకు ఎన్నడూ మింగుడుపడలేదు. నేరం మోపేటప్పుడు మనిషి ధర్మం, కొట్టిన పద్ధతికి వచ్చేసరికి మృగమా? ఆ సంగతి పక్కన పెడితే, రాముడు ఇచ్చుకున్న సంజాయిషీ అంతా మనుషుల న్యాయం ప్రకారమే ఉంది. దైవత్వాన్ని అడ్డం పెట్టుకోలేదు.

నిప్పురవ్వ:
అగ్నికి మైల లేదు, సరే. కాలినవాళ్ళ సంగతేమిటి?

తర్కబాణం:
శుకుడు కంచె ఎందుకు వేశాడో గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన యూథిఫ్రో అనే సంభాషణ చదివితే తెలుస్తుంది. యూథిఫ్రో కన్నతండ్రి మీదే హత్యానేరం మోపడానికి కోర్టుకొచ్చాడు. ఒక కూలివాడు తాగిన మైకంలో ఇంటి పనివాణ్ణి చంపితే, తండ్రి వాణ్ణి కట్టేసి గోతిలో పడేశాడు, ఏం చేయాలో అడిగి రమ్మని మనిషిని పంపి ఇక పట్టించుకోలేదు. చలికీ ఆకలికీ ఆ కూలివాడు చచ్చిపోయాడు. కన్నతండ్రి మీద కేసేమిటని అందరూ అంటుంటే యూథిఫ్రో చూపించిన ఆధారం ఏమిటో తెలుసా? గ్రీకు దేవతల రాజు జ్యూస్ తన తండ్రిని గొలుసులతో కట్టాడు కదా, దేవుడికి తప్పు కానిది నాకు తప్పా అని! కేసు న్యాయమైనదే కావచ్చు, అది వేరే చర్చ. దేవుడి చర్యని మనిషి తన పనికి నజీరుగా చూపించడం ఎంత తేలికో చూడండి.

అక్కడే సోక్రటీస్ ఆ ప్రసిద్ధమైన ప్రశ్న వేస్తాడు. మంచిది కాబట్టి దేవతలు ఇష్టపడతారా, దేవతలు ఇష్టపడతారు కాబట్టి మంచిదవుతుందా? మొదటిదంటే మంచి అనేది దేవుడి మీద ఆధారపడలేదు, ఆయన్ని కూడా దానితో తూచవచ్చు. రెండోదంటే రేపు ఆయన దొంగతనం చేయమంటే అదీ మంచే అవుతుంది.

నెలవంక:
ఈ రెండు కొమ్మల మీదే ఇస్లాంలో పెద్ద చీలిక వచ్చింది. ముతజిలా పండితులది మొదటి పక్షం. న్యాయం ఏమిటో బుద్ధికి తెలుస్తుంది, అల్లాహ్ అన్యాయం చేయడు అంటారు. అష్అరీలది రెండోది. ఆయన చేసేదే న్యాయం, ఆయన పైన ఇంకో నియమం లేదు.

అల్ అష్అరీ మొదట ముతజిలానే, అల్ జుబ్బాయీ శిష్యుడు. గురువు దగ్గర నుంచి ఎందుకు విడిపోయాడో చెప్పే కథ ఒకటి ప్రచారంలో ఉంది. ముగ్గురు అన్నదమ్ములు. ఒకడు విశ్వాసిగా పోయాడు, ఒకడు అవిశ్వాసిగా పోయాడు, ఒకడు పసితనంలోనే పోయాడు. పెద్దవాడికి స్వర్గంలో పై స్థానం దక్కింది. "నన్నూ బతకనిస్తే పుణ్యం చేసుకుని అక్కడికే వచ్చేవాణ్ణి కదా" అని పసివాడు అడిగితే? "పెద్దయ్యాక పాపివి అవుతావని తెలిసి, నీ మేలు కోరే ముందే తీసుకొచ్చాను" అని జవాబు వస్తుందన్నాడు గురువు. అప్పుడు శిష్యుడు, "మరి నరకంలో ఉన్నవాడు 'నా సంగతీ నీకు తెలుసు కదా, నన్ను కూడా చిన్నప్పుడే ఎందుకు తీసుకుపోలేదు?' అని అరిస్తే?" అన్నాడట. గురువు మాట్లాడలేకపోయాడు.

నాకు ఈ కథ ఎందుకిష్టమంటే, చిన్నపిల్లలు పోయినప్పుడు మనం చెప్పే ఓదార్పులు అన్నీ ఆ గురువు జవాబు దగ్గరే ఆగిపోతాయి. శిష్యుడి ప్రశ్న దాకా రావు.

సందేహజీవి:
నెలవంక గారూ, అష్అరీ దాంతో ఏం తేల్చాడు? దేవుడు అన్యాయం చేశాడనా?

నెలవంక:
కాదండీ, తద్భిన్నం. మన న్యాయం లెక్క ఆయన మీద వేయబోతే ఇలా ఇరుక్కుంటాం, కాబట్టి వేయకూడదు అని. అదే కథతో మీరు అటువైపు తేల్చవచ్చు, ఆయన ఇటువైపు తేల్చాడు.

జిజ్ఞాస:
మన వేదాంతంలో దీనికి ఒక నిర్దిష్టమైన సమాధానం ఉంది. బ్రహ్మసూత్రాల్లో రెండో అధ్యాయం మొదటి పాదంలో వైషమ్యం, నైర్ఘృణ్యం అని రెండు ఆరోపణలు వస్తాయి. పక్షపాతం, నిర్దయ. అంటే ఈ థ్రెడ్ టాపిక్కే. శంకరులు చెప్పిన జవాబు, ఈశ్వరుడు జీవుల కర్మను బట్టి ఫలమిస్తాడు అని. వాన అన్ని పైర్ల మీదా ఒకేలా పడుతుంది, వరి వరిలా యవలు యవల్లా మొలవడం విత్తనం గుణం. తప్పు వానది కాదు. మరి మొట్టమొదటి కర్మ ఎక్కడిది అంటే, సంసారానికి మొదలు లేదు అంటారు.

తర్కబాణం:
గౌరవంతోనే రెండు మాటలు. నాలుగేళ్ళ పాపకి "ఇది నీ పాత బాకీ" అని చెప్పాలంటే ఆ బాకీ ఏమిటో పాపకి తెలియాలి. గుర్తులేని నేరానికి, ఆ నేరం చేసిన సంగతే తెలియని మనిషికి శిక్ష వేసే కోర్టుని మనం కోర్టు అనం. ఇక మొదలు లేదనడం అంటారా, అప్పు ఎప్పుడు పుట్టిందని అడిగితే "ఎప్పుడూ ఉంది" అన్నట్టుంది. అది ప్రశ్నని వాయిదా వేయడమే.

ఇంకోటి. గమనించారా, ఆ సూత్రం కూడా "ఈశ్వరుణ్ణి అలా అడగకూడదు" అనలేదు. ఆరోపణ న్యాయమైనదే అని తీసుకుని డిఫెన్స్ వినిపించింది. అంటే పక్షపాతం చెడ్డది, నిర్దయ చెడ్డది అనే కొలమానం ఈశ్వరుడికీ వర్తిస్తుందని ఒప్పుకున్నట్టే కదా.

జిజ్ఞాస:
రెండో మాట ఒప్పుకుంటాను. మొదటిదానికి, మరపు ఉన్నంత మాత్రాన కారణం పోదు అంటాను. ఏ గుణాలూ లేని నిర్గుణ బ్రహ్మం దగ్గరికొస్తే మంచీ చెడూ రెండూ అంటవు, అక్కడ మీ ప్రశ్నే పుట్టదు.

నిప్పురవ్వ:
ఆ నిర్గుణం దగ్గరికి ఎవరూ మొక్కుకోడానికి వెళ్ళరు బ్రదర్.

ఆలివ్‌కొమ్మ:
బైబిల్లో యోబు గ్రంథం ఉంది. యోబు పిల్లల్ని, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకుని బూడిదలో కూర్చుంటాడు. స్నేహితులు వచ్చి, దేవుడు అన్యాయం చేయడు, నువ్వే ఏదో తప్పు చేసి ఉంటావు అంటారు. జిజ్ఞాస గారు ఏమీ అనుకోవద్దు గానీ ఇంచుమించు మీ వాదమే. యోబు ఒప్పుకోడు. నేను నిర్దోషిని, దేవుడితోనే వాదించుకుంటాను అంటాడు. చివర్లో దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడతాడు, నేను భూమికి పునాదులు వేసినప్పుడు నువ్వెక్కడున్నావు అని మొదలుపెట్టి. అభియోగానికి జవాబు మాత్రం ఇవ్వడు. చాలామంది అక్కడ ఆగిపోయి "చూశావా, అడగకూడదు" అంటారు.

తర్వాతి అధ్యాయం చదవరు. 42వ అధ్యాయంలో దేవుడు ఆ స్నేహితుల మీద కోప్పడతాడు. నా సేవకుడు యోబు నా గురించి మాట్లాడినంత సరిగా మీరు మాట్లాడలేదు అంటాడు. నిలదీసినవాడిది ఒప్పు, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నవాళ్ళది తప్పు అని. దేవుడు నాశనం చేయబోయిన సొదొమ పట్టణం విషయంలో అబ్రాహాము కూడా అంతే. సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేయవద్దా అని ముఖం మీదే అడిగి, యాభై మంది నీతిమంతుల దగ్గర మొదలుపెట్టి పది మంది దాకా బేరమాడతాడు. దేవుడు ప్రతిసారీ సరే అంటాడు.

గాలివాటం:
పదితో ఎందుకు ఆపాడో, ఒకటి దాకా లాగాల్సింది.

నిప్పురవ్వ:
అదే అబ్రాహాము కన్నకొడుకుని బలి ఇమ్మంటే ఒక్క మాట ఎదురుచెప్పలేదు. ఊరి కోసం బేరం, కొడుకు కోసం మౌనం. దీన్ని ఎలా సమర్థిస్తారు?

ఆలివ్‌కొమ్మ:
సమర్థించను. నాకూ అది నలుగుతూనే ఉన్న చోటు. డెన్మార్క్ తత్వవేత్త కీర్కెగార్డ్ 1843లో దాని మీద ఒక పుస్తకమే రాశాడు. విశ్వాసం నీతిని కూడా దాటిపోగలదా అని, దాటితే ఆ మనిషిని హంతకుడికీ పిచ్చివాడికీ వేరుగా ఎలా గుర్తుపడతాం అని మథనపడ్డాడు. జర్మన్ తత్వవేత్త కాంట్ అంతకు ముందే, 1798లో, తడుముకోకుండా తేల్చేశాడు. అబ్రాహాము ఇలా జవాబు చెప్పి ఉండాల్సిందట: "నా కొడుకుని చంపకూడదన్నది నాకు నిశ్చయంగా తెలుసు. నాతో మాట్లాడుతున్న నువ్వు దేవుడివన్నది నిశ్చయంగా తెలియదు."

తర్కబాణం:
కాంట్ మాటలో నాకు పనికొచ్చేది ఇది. ఈ కొలమానం దేవుణ్ణి బోనులో నిలబెట్టడానికి కాకపోవచ్చు. కానీ "దేవుడు చెప్పాడు" అంటూ వచ్చే మనిషిని నిలబెట్టడానికి ఉన్నది అదొక్కటే. అది వదిలేస్తే ఆ మనిషి ఏం చెప్పినా "దైవాజ్ఞ, నీకు అర్థం కాదు" అంటాడు. చరిత్రలో దేవుడు స్వయంగా వచ్చి మినహాయింపు అడిగిన సందర్భాలు నాకు తెలియవు. ఆయన పేరు మీద మినహాయింపు వాడుకున్నవాళ్ళు మాత్రం కోకొల్లలు.

మౌనశ్రోత:
ఈ మాటకి నేనూ చేయి కలుపుతాను. దొంగ బాబాలందరికీ మొదటి పెట్టుబడి అదే, "స్వామి లీల, ప్రశ్నించకూడదు" అని. శుకుడు వేసిన కంచె వాళ్ళకోసమే.

పాతపొత్తం:
దేవుణ్ణి బోనులో నిలబెట్టలేమని ఎందుకనుకుంటారు? భారతం ఆదిపర్వంలో నిలబెట్టారు కదా. మాండవ్యుడు మౌనవ్రతంలో ఉండగా దొంగలు సొమ్ము తెచ్చి ఆయన ఆశ్రమంలో దాచారు. రాజభటులు ఆయన్నీ పట్టుకుపోయి కొరత వేశారు. ప్రాణం పోలేదు. తర్వాత రాజు వచ్చి కాళ్ళమీద పడ్డాడు గానీ, శూలం బయటికి రాక మొదలు నరికేశారు. లోపల ముక్క అలాగే మిగిలిపోయి అణిమాండవ్యుడన్న పేరొచ్చింది. ఆ ముక్కతోనే ధర్ముడి, అంటే యమధర్మరాజు సభకి వెళ్ళి, నేనేం చేశానని ఇది అని అడిగాడు. చిన్నప్పుడు పురుగుల తోకల్లో గడ్డిపుల్లలు గుచ్చావు, దాని ఫలం అన్నాడు ధర్ముడు.

కర్మఫలం అని మాండవ్యుడు తలూపి వచ్చేయలేదు. తెలియని వయసులో చేసిన చిన్న తప్పుకి ఇంత పెద్ద శిక్షా అని, శూద్ర స్త్రీకి మనిషిగా పుట్టమని ధర్ముణ్ణే శపించాడు. ఆ శాపం తగిలే విదురుడు పుట్టాడు. ఆ పుట్టుకని శిక్షగా లెక్కపెట్టడం ఆ కథలో ఇంకో అన్యాయం, దాన్ని కడిగేయడం లేదు. కానీ అంతటితో ఆగలేదు. ఇక మీదట పద్నాలుగేళ్ళ వయసు దాకా చేసింది పాపం కాదని మాండవ్యుడే హద్దు పెట్టాడు. అంటే ఒక మనిషి వెళ్ళి శిక్ష నేరానికి తగ్గట్టు లేదని వాదించి, పైలోకపు చట్టాన్ని సవరించి వచ్చాడు.

సందేహజీవి:
ఇది నాకు తెలియదు. జిజ్ఞాస గారూ, మరి పద్నాలుగేళ్ళ హద్దు ఉంటే నాలుగేళ్ళ పాప విషయం?

జిజ్ఞాస:
ఈ జన్మలో చేసినదానికే ఆ హద్దు, పాత జన్మల ప్రారబ్ధానికి కాదు అంటారు సంప్రదాయంలో. మీకది సరిపోదని తెలుసు. ఆ పాప తల్లి ముందు నేను ఆ మాట అననని కూడా ఒప్పుకుంటాను.

నిప్పురవ్వ:
తల్లి ముందు అనలేని సిద్ధాంతం పుస్తకంలో మాత్రం ఎందుకు?

జిజ్ఞాస:
అనకూడని సమయం ఉండటం వేరు, అబద్ధం కావడం వేరు. డాక్టరు కూడా అన్నీ ఆ గదిలో చెప్పడు.

మౌనశ్రోత:
నా వైపు నుంచి ఇంకొకటి. దేవుడి మీద అభియోగం మోపడం భక్తికి విరుద్ధమని నేను అనుకోను. రామదాసు చెరసాలలో పాడుకున్నవి వినండి, చింతాకు పతకం దగ్గర్నుంచి లెక్క చెప్పి మరీ తిట్టాడు. స్త్రీపర్వంలో గాంధారి కృష్ణుణ్ణి అడిగింది అచ్చంగా సందేహజీవి గారి ప్రశ్నే: ఆపే శక్తి ఉండి కూడా ఎందుకు ఉపేక్షించావు? ముప్పై ఆరో ఏట నీ వాళ్ళని నువ్వే చంపుకుంటావు అని శపించింది. కృష్ణుడు చిరునవ్వుతో, ఇది ఇలాగే జరగాల్సి ఉందని నాకు తెలుసు అన్నాడు. తర్వాత ఉదంకుడనే మునీ శపించబోతే, నేను ఏ యోనిలో పుడితే ఆ పద్ధతిలోనే నడుచుకుంటాను, మనిషిగా ఉన్నాను కాబట్టి దీనంగా బతిమాలాను, వాళ్ళు వినలేదు అని చెప్పుకున్నాడు. మన కొలమానంతో ఆయన్ని తూచవచ్చు, ఆయన తూగడానికి సిద్ధంగానే ఉన్నాడు అని నాకనిపిస్తుంది. తూచి చేయి విడవడమా, తూచి కూడా చేయి పట్టుకోవడమా అన్నది మనిషి మనిషికీ మారుతుంది. గాంధారి శపించింది గానీ, ఆయన దేవుడు కాదని మాత్రం అనలేదు.

నిప్పురవ్వ:
మీరు చెప్పిన తీరు బాగుంది, కానీ ఒక చోట ఆగండి. ఉపేక్షించింది కృష్ణుడు, శాపం కృష్ణుడికి. ఆ శాపం వల్ల ఒకరినొకరు కొట్టుకుని చచ్చింది యాదవులంతా. వాళ్ళలో కురుక్షేత్రంతో సంబంధం ఎంతమందికి ఉంది? దేవుడి మీద వేసిన శిక్ష కూడా చివరికి పక్కవాళ్ళ మీదే పడింది.

పాతపొత్తం:
సంబంధం ఉన్నవాళ్ళు ఉన్నారు. గొడవ మొదలైందే సాత్యకి, కృతవర్మల మధ్య. ఒకడు పాండవుల వైపు, ఒకడు కౌరవుల వైపు. నిద్రపోతున్నవాళ్ళని చంపిన రాత్రి కృతవర్మ చేసిన పనిని సాత్యకి ఎత్తిపొడిచాడు, సాత్యకి చంపిన భూరిశ్రవుణ్ణి కృతవర్మ గుర్తుచేశాడు, మాట మీద మాట పెరిగి కత్తి దాకా వెళ్ళింది. కానీ ఆ రోజు పోయిన వేలమందిలో ఆ యుద్ధం చూడనివాళ్ళే ఎక్కువ. వాళ్ళ తరఫున సభకి వెళ్ళి అడిగిన మాండవ్యుడు మౌసలపర్వంలో ఎవరూ లేరు. నాకు కనబడలేదు, ఎవరికైనా తెలిస్తే చెప్పండి.